వాల్వ్ మార్చితే సరిపోదు, అది ఎందుకు కాలిందో తేలాలి

మోటారు వాహన సందేహాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాది సింగిల్ సిలిండర్ మోటార్‌సైకిల్. 9,000 కిలోమీటర్ల దగ్గర పికప్ పడిపోయింది, ఉదయం పూట స్టార్ట్ చేయడం కష్టమైంది, సైలెన్సర్‌లోంచి టప్ టప్‌మని చప్పుడు రావడం మొదలైంది. సర్వీస్ సెంటర్‌వారు హెడ్ (సిలిండర్ పైభాగం) విప్పి చూసి, ఎగ్జాస్ట్ వాల్వ్ (మండిన వాయువును బయటికి వదిలే కవాటం) కాలిపోయిందని చెప్పి, వారంటీ కింద ఉచితంగా కొత్తది వేశారు. 16,000 దగ్గర మళ్లీ అదే లక్షణం, మళ్లీ అదే మరమ్మతు. ఇప్పుడు 21,000 దాటగానే మూడోసారి అదే వాల్వ్ పోయింది. ఈసారి మాత్రం ఇంధనంలో కల్తీ ఉందనీ, నేను ఇంజన్‌ను పరిమితికి మించి తిప్పుతున్నాననీ, అందువల్ల వారంటీ వర్తించదనీ నోటిమాటగా చెప్పారు. సర్వీసులన్నీ గడువు ప్రకారం వారి దగ్గరే చేయించాను. కంపెనీకి ఫోన్ చేస్తే డీలరును అడగమంటున్నారు, డీలరును అడిగితే కంపెనీ ఆమోదం రాలేదంటున్నారు. వారంటీ గడువు మరో రెండు నెలల్లో ముగుస్తుంది. తప్పు నిజంగా నాదేనా? నేనిప్పుడు ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసినవి మీరు రాసిన అంకెలు. మొదటి వాల్వ్ 9,000 కిలోమీటర్లు నడిచింది, రెండోది 7,000, మూడోది 5,000. వేసిన ప్రతి కొత్త వాల్వూ అంతకుముందు దానికన్నా తొందరగా పోతున్నదంటే, లోపం వాల్వ్‌లో ఉండే అవకాశం చాలా తక్కువ. వాల్వ్ ఆనుకొని కూర్చునే సీటులోనో, దాన్ని నిలువుగా నడిపించే గైడ్‌లోనో, దాని మీదుగా బయటికి పోయే వాయువుల వేడిలోనో అసలు కారణం ఉండి, ఒక్కో మరమ్మతు తరువాతా అది కొంచెం కొంచెం ముదురుతూ వచ్చినట్టు కనిపిస్తున్నది. ఇప్పటివరకు మీ బండికి జరిగింది విడిభాగం మార్పిడి మాత్రమే, మరమ్మతు ఇంకా జరగలేదు. సర్వీస్ సెంటర్‌తో మీరు మాట్లాడవలసిన మాటకు కూడా ఇదే పునాది కాబట్టి, ముందుగా ఆ వాల్వ్ ఎలా బతుకుతుందో, ఎలా కాలుతుందో కొంత వివరంగా చెబుతాను.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్ సెకనుకు 50 సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. ఇన్‌టేక్ వాల్వ్‌కు ప్రతిసారీ చల్లటి గాలీ పెట్రోలూ తగిలి వేడి తగ్గుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్‌కు ఆ అదృష్టం లేదు, దాన్ని ఒరుసుకుంటూ పోయేది అప్పుడే మండిన వాయువు. బరువు మీద ఇంజన్ గట్టిగా పని చేస్తున్నప్పుడు దాని తల 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది, అంటే ఎర్రగా కాలిన ఇనుము స్థితి. ఆ వేడిలో ఎక్కువ భాగం, దాదాపు నాలుగింట మూడు వంతులు, వాల్వ్ మూసుకొని సీటుకు ఆనుకొని ఉన్న క్షణాల్లోనే హెడ్‌లోకి దిగిపోతుంది. మిగిలినది కాండం, అంటే వాల్వ్ తలకు అతికి ఉండే సన్నటి కడ్డీ, వెంట గైడ్‌లోకి పోతుంది. కాబట్టి సీటుకు వాల్వ్ ఎంతసేపు, ఎంత నిండుగా ఆనుతుందన్నదే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది. విమాన ఇంజన్లలో ఇదే చిక్కు వచ్చినప్పుడు, 1920లలో శామ్ హెరాన్ అనే ఇంజనీరు వాల్వ్ కాండాన్ని బోలుగా చేసి, లోపల కొంత భాగం సోడియం నింపే పద్ధతిని అభివృద్ధి చేశారు. సోడియం దాదాపు 98 డిగ్రీల దగ్గరే కరిగిపోయి, ఇంజన్ నడుస్తుండగా కాండంలో పైకీ కిందికీ కదులుతూ, తల వేడిని గైడ్ వైపు మోసుకుపోతుంది. వేడికి దారి చూపిస్తే తప్ప వాల్వ్ మన్నదని ఆనాడే తేలిన విషయం.

ఇప్పుడు మీ బండిలో ఆ దారి ఎక్కడ మూసుకుపోయి ఉండవచ్చో చూద్దాం. అన్నిటికన్నా తరచుగా కనిపించేది ట్యాపెట్ గ్యాప్ తగ్గిపోవడం. వేడెక్కినప్పుడు వాల్వ్ కాండం పొడవు పెరుగుతుంది కనుక దానికి, దాన్ని నొక్కే రాకర్‌కు మధ్య మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల ఖాళీ వదులుతారు. ఎగ్జాస్ట్‌కు ఇది ఇన్‌టేక్ కన్నా ఎక్కువగా ఉంటుంది. ఆ ఖాళీ చాలకపోతే వేడెక్కిన వాల్వ్ పూర్తిగా మూసుకోదు. వెంట్రుకంత సందులోంచి మండే వాయువు అధిక పీడనంతో చిమ్ముతుంది, వెల్డింగ్ మంట ఇనుప రేకును కోసినట్టు వాల్వ్ అంచును కోస్తుంది. ఈ కొలత చల్లటి ఇంజన్ మీదనే తీయాలని చాలా మాన్యువల్స్‌లో స్పష్టంగా రాసి ఉంటుంది. మీరు పొద్దున్నే బండి నడుపుకుంటూ వెళ్లి సర్వీస్ సెంటర్‌లో అప్పగిస్తే, వారు గంటలోపే ట్యాపెట్లు సెట్ చేసి సాయంత్రానికి బండి ఇచ్చేస్తే, ఆ కొలత ఎంతవరకు నమ్మదగినదో మీరే ఆలోచించండి. బండిని ముందురోజు రాత్రే అక్కడ వదిలిపెట్టడం మేలు.

రెండో కారణం గైడ్, సీటు. మీ విషయంలో నా అనుమానం ప్రధానంగా దీని మీదే ఉంది. గైడ్ అరిగి వదులైతే వాల్వ్ అటూ ఇటూ ఊగుతూ ప్రతిసారీ ఒక పక్కగా కూర్చుంటుంది, సీటు కూడా కోడిగుడ్డు ఆకారంలో అరుగుతుంది. అలా అరిగిన గైడ్‌లో, అలా అరిగిన సీటు మీద మచ్చలేని కొత్త వాల్వ్ తెచ్చి కూర్చోబెడితే అది మొదటి రోజునుంచే కారుతుంది, పైగా సీటు అప్పటికే పాడై ఉన్నందువల్ల పాతదానికన్నా ముందే కాలుతుంది. మీ అంకెలు చెబుతున్నది సరిగ్గా ఇదే. గైడ్ మార్చితే సీటును కూడా మళ్లీ కోయవలసిందే, ఎందుకంటే సీటు కోసే కట్టర్ గైడ్ రంధ్రాన్నే ఆధారం చేసుకొని తిరుగుతుంది. వాల్వ్ ఒక్కటే మార్చి హెడ్ బిగించడం ఈ పని మొత్తంలో సులువైన భాగం.

మూడోది మంట వేడి. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనా, ఇన్‌టేక్ వైపు రబ్బరు పగిలి అదనపు గాలి పీలుస్తున్నా, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) ఆలస్యమైనా, ఎగ్జాస్ట్ వాయువులు మామూలుకన్నా వేడిగా బయటికి వస్తాయి. మీరు సైలెన్సర్ గానీ ఎయిర్ ఫిల్టర్ గానీ మార్చి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి, అది నిజంగానే కారణం కావచ్చు. ఇక కొన్ని సింగిల్ సిలిండర్ ఇంజన్లలో స్టార్టింగ్ సులువు కావడానికి ఎగ్జాస్ట్ వాల్వ్‌ను కాస్త ఎత్తిపట్టే డీకంప్రెషన్ ఏర్పాటు ఉంటుంది. అది ఇరుక్కుపోయి వాల్వ్‌ను ఎప్పుడూ కొద్దిగా తెరిచే ఉంచుతున్నదేమో కూడా చూడమనండి.

ఈ మూడింటిలో ఏదో తెలుసుకోవడానికి ఊహలు అక్కర లేదు, పాత వాల్వే చెబుతుంది. నా సొంత బండికి కొన్నేళ్ల కిందట ఇలాగే ఏడాది లోపల రెండుసార్లు వాల్వ్ పోయింది. రెండు జాబ్ కార్డుల మీదా ఒకే వాక్యం ఉంది: ‘ఎగ్జాస్ట్ వాల్వ్ మార్చబడినది.’ మూడోసారి నేను హెడ్ నా చేతుల మీదుగా విప్పి, వాల్వ్‌ను తెల్లటి గుడ్డ మీద పెట్టి దీపం కింద తిప్పి చూశాను. వాల్వ్ అంచు చుట్టూ సీటుకు ఆనిన చోట సన్నటి బూడిదరంగు ఉంగరం ఒకే వెడల్పుతో ఉండాలి. నా వాల్వ్ మీద ఆ ఉంగరం ఒక పక్క రెండు మిల్లీమీటర్ల వెడల్పు ఉంది, ఎదురు పక్కకు వచ్చేసరికి దారమంత సన్నబడి, ఒకచోట అసలు మాయమైంది. మాయమైన చోటనే అంచు కొవ్వొత్తి కారినట్టు కరిగి, గోరు పట్టేంత గాడి పడింది. గైడ్ రంధ్రమే సీటుకు నిటారుగా లేదని ఆ ఒక్క ఉంగరం చూశాక సందేహం మిగలలేదు. దాన్ని ఫోటో తీసి, వాల్వ్‌తో సహా ముందు పెట్టాకనే వారు హెడ్ మొత్తం మార్చడానికి ఒప్పుకున్నారు. అంతకుముందు ఏడాదంతా నేను చేసిన ఫోన్లకు దక్కని జవాబు ఆ ఉంగరానికి దక్కింది.

కనుక హెడ్ విప్పేటప్పుడు మీరు దగ్గర ఉండండి, అలా కుదరకపోతే పాత వాల్వ్ మీకు చూపించేదాకా పారవేయవద్దని రాసి ఇవ్వండి. వారంటీ కింద మార్చిన భాగాన్ని సాధారణంగా కంపెనీయే వెనక్కి తీసుకుంటుంది, దాన్ని మీ దగ్గరే ఉంచుకోవడం కుదరకపోవచ్చు, కానీ ఫోటోలు తీసుకోవడానికి అభ్యంతరం ఉండకూడదు. వాల్వ్ తల, అంచు చుట్టూరా, సీటు, పిస్టన్ పైభాగం, ఈ నాలుగూ కనిపించేలా తీయండి.

పిస్టన్ పైభాగం అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మీరు ఇంజన్‌ను పరిమితికి మించి తిప్పారన్న ఆరోపణ నిజమో కాదో అక్కడే తేలిపోతుంది. ఈనాటి ఇంజన్లలో యాక్సిలరేటర్ ఎంత తిప్పినా ఒక హద్దు దాటకుండా రెవ్ లిమిటర్ ఆపేస్తుంది. వేగంగా పోతూ పొరపాటున బాగా కింది గేరు వేసినప్పుడు మాత్రం వెనుక చక్రమే ఇంజన్‌ను ఆ హద్దు దాటించగలదు. అప్పుడు వాల్వ్ సమయానికి మూసుకోలేక పిస్టన్‌కు తగిలి వంగుతుంది, పిస్టన్ మీద నెలవంక ఆకారంలో గుర్తు పడుతుంది. పిస్టన్ మీద దెబ్బ లేకుండా, వాల్వ్ వంగకుండా, అంచు మాత్రం కాలి గాడి పడి ఉంటే, దానికి అతివేగాన్ని కారణంగా చూపడం సబబు కాదు. ఇంధన కల్తీ మాట కూడా ఇలాంటిదే. కల్తీ పెట్రోలు మీ ఎగ్జాస్ట్ వాల్వ్‌ను మాత్రమే వెతుక్కుంటూ పోదు. ఇంజెక్టర్, స్పార్క్ ప్లగ్, ఇన్‌టేక్ వాల్వ్ వెనుక భాగం, వీటిమీద కూడా సాధారణంగా దాని ఆనవాళ్లు ఉంటాయి. ఏ ఆధారంతో ఆ మాట అంటున్నారో, ట్యాంకులోంచి నమూనా తీసి పరీక్ష చేయించారో లేదో అడగండి. ఆధారం లేకుండా వినియోగదారుడి మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే బండి వాడేవారిలో ఎక్కువమంది ఆ మాట విని తమదే తప్పనుకొని ఊరుకుంటారు.

వారంటీ సంగతికి వస్తే, మీకున్న రెండు నెలల్లో చేయవలసిన మొట్టమొదటి పని నోటిమాటను కాగితం మీదికి తేవడం. ఈ మూడో వైఫల్యం వారంటీ గడువులోనే ఫిర్యాదు అయినట్టు తేదీతో, కిలోమీటర్ల రీడింగ్‌తో జాబ్ కార్డ్ తెరిపించండి. జాబ్ కార్డ్ మీద ‘పికప్ లేదు’ అని రాసి ఊరుకోనివ్వకండి. ‘ఎగ్జాస్ట్ వాల్వ్ మూడోసారి విఫలమైంది, మూలకారణం తేల్చవలసినది’ అని మీ మాటల్లోనే రాయించండి. మొదటి రెండు జాబ్ కార్డుల నకళ్లు లేకపోతే ఇప్పుడే అడిగి తీసుకోండి. తిరస్కరిస్తున్నామంటే ఏ నిబంధన కింద, ఏ పరిశీలన ఆధారంగా తిరస్కరిస్తున్నారో రాతపూర్వకంగా ఇమ్మనండి. నోటితో ధైర్యంగా కాదన్నవారు కాగితం మీద కాదనడానికి వెనుకాడటం నేను చాలాసార్లు చూశాను.

ఆ తరువాత డీలరుకు కాక తయారీదారుకు నేరుగా ఉత్తరం రాయండి. వారంటీ ఇచ్చినది తయారీదారు, డీలరు ఆ పని చేసిపెట్టి తన కూలీ, విడిభాగం ఖర్చు కంపెనీ నుంచి రాబట్టుకునేవాడు. కంపెనీ ఆ బిల్లు ఒప్పుకోకపోతే నష్టం తనదవుతుందన్న భయం డీలరుకు ఉంటుంది, అందుకే హెడ్ మార్చే పెద్ద పనికన్నా వాల్వ్ మార్చే చిన్న పనికి మొగ్గుతాడు. ఈ సంగతి తెలిస్తే మీకు డీలరు మీద కోపం కొంత తగ్గుతుంది, ఎవరిని అడగాలో కూడా స్పష్టమవుతుంది. ఉత్తరంలో ఆవేశం వద్దు. మూడు తేదీలు, మూడు రీడింగులు, సర్వీసుల వరుస, ఫోటోలు, చివరగా మూడు ప్రశ్నలు: మూలకారణం ఏమిటి, గైడ్‌నూ సీటునూ కొలిచారా, కొలిస్తే ఆ కొలతలు ఎంత? ఈ బండి మోడల్‌కు సంబంధించి డీలర్లకు సాంకేతిక సూచన ఏదైనా పంపారా అని కూడా అడగండి. తెలిసిన లోపాలకు కంపెనీలు ఇలాంటి సూచనలు అంతర్గతంగా పంపుతుంటాయి, అడగనిదే వినియోగదారుడికి వాటి సంగతి తెలియదు. మీరు కోరవలసింది నాలుగో వాల్వ్ కాదు. గైడ్, సీటు కొలతలు పరిమితిలో ఉన్నాయన్న లిఖిత నివేదిక గానీ, లేదంటే పూర్తి హెడ్ గానీ ఇమ్మని అడగండి. అప్పటికీ కదలకపోతే, ఆ కంపెనీతో సంబంధం లేని ఇంజనీరు చేత పరిశీలన నివేదిక రాయించుకొని మీ ప్రాంతంలోని వినియోగదారుల వివాదాల పరిష్కార వేదికకు వెళ్లండి. అక్కడ ఈ కాగితాలే మీ తరఫున మాట్లాడతాయి.

ప్రశ్న: నా బండి ఇంజన్ ఇంతకుముందు టకటకమని కొంత చప్పుడు చేసేది. కొన్ని నెలలుగా ఎంతో నిశ్శబ్దంగా నడుస్తున్నది. ట్యాపెట్లు చూడమంటే, చప్పుడే లేనప్పుడు ముట్టుకోవడం ఎందుకని మెకానిక్ అంటున్నారు. ఆయన మాట వినవచ్చా?

జవాబు: ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినకండి. ట్యాపెట్ గ్యాప్ ఎక్కువైతే చప్పుడు వస్తుంది, అది వినిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు సరిచేస్తారు. గ్యాప్ తగ్గితే ఇంజన్ చప్పుడు మెత్తబడుతుంది, వాల్వ్ మాత్రం లోపల కాలుతూ ఉంటుంది. వాల్వ్ కాలక్రమంలో సీటులోకి కొద్దికొద్దిగా దిగిపోయేకొద్దీ దాని కాండం పైకి వస్తుంది, ఖాళీ తగ్గుతుంది. మీ ఇంజన్ నిశ్శబ్దం కావడానికి ఇదే కారణం కావచ్చు. స్క్రూ, నట్టు ఉన్న ట్యాపెట్ అయితే ఫీలర్ గేజ్‌తో (సందును కొలిచే సన్నటి రేకులతో) కొలిచి కొద్ది సేపట్లో సరిచేయవచ్చు. షిమ్‌లు (ఖాళీని సర్దే చిన్న లోహపు బిళ్లలు) వాడే ఇంజన్ అయితే వాల్వ్‌లను నడిపించే క్యామ్‌ను తీసి పలుచని షిమ్ వేయవలసి ఉంటుంది, అది ఎక్కువ సమయం పట్టే పని కనుకనే చాలాచోట్ల కొలవకుండానే ‘చూశాం, బాగుంది’ అని రాసేస్తారు. కొలిచిన అంకె ఎంతో ప్రతి వాల్వ్‌కూ విడివిడిగా జాబ్ కార్డ్ మీద రాయమనండి. ఒక సర్వీసుకూ తరువాతి సర్వీసుకూ మధ్య ఎగ్జాస్ట్ గ్యాప్ ఎంత తగ్గిందో ఆ అంకెలే చూపిస్తాయి. ఒకే వాల్వ్ గ్యాప్ పదేపదే తగ్గిపోతుంటే, కాలిపోకముందే వారంటీ కింద హెడ్ పరిశీలన కోరడానికి అంతకన్నా మంచి ఆధారం ఉండదు. ఆయిల్ ఒత్తిడితో ఖాళీని తనంతట తానే సర్దుకునే హైడ్రాలిక్ సర్దుబాటు ఉన్న ఇంజన్లకు మాత్రం ఈ కొలత అవసరం లేదు.

ప్రశ్న: హెడ్ విప్పకుండా ఎగ్జాస్ట్ వాల్వ్ కారుతున్నదని నిర్ధారించుకునే మార్గం ఉందా? ప్రతిసారీ పిస్టన్ రింగులు పోయాయని అంటున్నారు.

జవాబు: ఉంది. ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో నిలిచే ఒత్తిడి) కొలిచి, తరువాత స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందులు మూస్తుంది కాబట్టి, రెండోసారి కొలత బాగా పెరిగితే లోపం రింగులది. పెరగకపోతే వాల్వ్‌ను అనుమానించాలి. ఇంతకన్నా నమ్మదగినది లీక్‌డౌన్ పరీక్ష. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పై అంచున నిలిపి, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపి, చెవి పెట్టి వినాలి. సైలెన్సర్‌లోంచి బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసే మూత తీసినప్పుడు అక్కడినుంచి వస్తే రింగులు. హెడ్ ఎలాగూ విప్పారనుకోండి, దాన్ని తిరగేసి ఎగ్జాస్ట్ పోర్టులో కొద్దిగా కిరోసిన్ పోసి కాసేపు ఆగితే, వాల్వ్ అంచు వెంట తడి చిమ్ముతుందో లేదో కంటికే కనిపిస్తుంది. కొత్త వాల్వ్ వేసి హెడ్ బిగించే ముందు ఈ చివరి పరీక్ష మీ ఎదురుగా చేయించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి పాత బండి ఉంది. సీసం లేని పెట్రోలు వల్లనే దాని ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు తరచుగా పోతున్నదని, ఏదైనా మందు కలపాలని అంటున్నారు. నిజమా?

జవాబు: పాత బండి విషయంలో ఇందులో నిజం ఉంది. ఇంజన్ కొట్టుకోకుండా (నాకింగ్ రాకుండా) ఉండటానికి టెట్రాఇథైల్ లెడ్ పనికివస్తుందని 1921లో కనుగొన్నారు. దాని అవశేషాలు వాల్వ్‌కూ సీటుకూ మధ్య సన్నటి పొరగా నిలిచి, రెండు లోహాలూ ఒకదానికొకటి అతుక్కొని చిట్లకుండా కాపాడేవి. ఆరోగ్యానికి సీసం చేసే కీడు తెలిసి దేశాలన్నీ దాన్ని మానేశాయి, 2021తో ప్రపంచమంతటా రోడ్డు వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ముగిసింది. మెత్తటి లోహపు సీట్లున్న పాత ఇంజన్‌ను చాలాసేపు అధిక వేగంతో నడిపితే సీటు అరిగి వాల్వ్ లోపలికి దిగిపోతుంది. నెమ్మదిగా, కొద్ది దూరాలు నడిపే బండికి ఆ భయం చాలా తక్కువ. సీటు తరచుగా పోతున్నదంటే ఎలాగూ హెడ్ విప్పవలసిందే కాబట్టి, మందు మీద ఖర్చు పెట్టేకన్నా గట్టి లోహపు సీట్లు వేయించడం శాశ్వత పరిష్కారం. మొదటినుంచీ సీసం లేని పెట్రోలు కోసమే తయారైన బండ్లకు ఈ మందు అవసరం లేదు.

ప్రశ్న: వారంటీ ఉన్న బండికి బయటి మెకానిక్ చేత ట్యాపెట్లు సెట్ చేయిస్తే వారంటీ పోతుందా?

జవాబు: మీ వారంటీ పత్రంలోని వాక్యాన్ని జాగ్రత్తగా చదవండి. బయట సర్వీసు చేయిస్తే వారంటీ రద్దు అని కొన్ని పత్రాల్లో ఉంటుంది, బయటివారి పని వల్ల కలిగిన నష్టానికి బాధ్యత లేదని మరికొన్నింటిలో ఉంటుంది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. రెండో రకం అయితే, ఆ పని వల్లనే వాల్వ్ కాలిందని వారు చూపించవలసి ఉంటుందని మీరు వాదించవచ్చు. మొదటి రకం వాక్యం ఎంతవరకు చెల్లుతుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఏదేమైనా వాల్వ్ ఒకసారి ఇబ్బంది పెట్టిన బండి అయితే, వారంటీ ముగిసేదాకా అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే చేయించి, ప్రతిసారీ గ్యాప్ కొలతలు రాయించిన జాబ్ కార్డులను ఒకే ఫైలులో దాచుకోండి.